గ్రామ భూముల భవితవ్యం: ఒక్క చిత్రం చాలదు

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ 2047వ సంవత్సరాన్ని గురించి తమ తమ దార్శనిక పత్రాలను ప్రకటించినవి. ఆంధ్రప్రదేశ్ పత్రం 2024 డిసెంబరులోను, తెలంగాణ పత్రం 2025 డిసెంబరులోను వెలువడినవి. స్వాతంత్ర్యం వచ్చి నూరేళ్ళు నిండేనాటికి రాష్ట్రం ఎట్లుండవలెనో, సంపద ఎంత పెరగవలెనో వాటిలో అంకెలతో సహా ఉన్నది. పత్రికలలో వీటికి పొగడ్తలూ వచ్చినవి, విసుర్లూ వచ్చినవి. ఆ వరుసలో మరొకటి చేర్చుట ఈ వ్యాసం ఉద్దేశం కాదు. రైల్వే, తపాలా ఉద్యోగులమైన మనకు తట్టవలసిన ప్రశ్న ఒకటి వాటి వెనుక ఉన్నది. ఇరవై ఏళ్ళకు పైబడిన కాలానికి ఒకే ఒక చిత్రం గీసుకొని, దానికి తగినట్లు ఈనాడే పొలాన్ని, చెరువును, అడవిని, వాగును మలచుట క్షేమమేనా? ఆ చిత్రం తప్పిననాడు ఆ నేల మీద బ్రతికేవారి గతి ఏమిటి?

ఇది మన సంఘాలు పట్టించుకొనవలసిన విషయమా అని కొందరు సభ్యులు తప్పక అడుగుదురు. ఎనిమిదవ వేతన సంఘం ముందుంచవలసిన కోర్కెలున్నవి. పాత పింఛను పునరుద్ధరణ ఉన్నది. ఏళ్ళ తరబడి భర్తీకాని ఖాళీలున్నవి. గ్రామీణ డాక్ సేవకుల సమస్య ఉండనే ఉన్నది. ఇన్ని ఉండగా చెరువులు, వాగుల గొడవ మనకెందుకు? సమంజసమైన ప్రశ్నే. దీనికి సమాధానం 2005 అక్టోబరు 29న వలిగొండ వద్ద వచ్చినది.

ఆనాడు సికింద్రాబాదు వస్తున్న డెల్టా ఫాస్ట్ ప్యాసింజరు అప్పటి నల్లగొండ జిల్లాలోని వలిగొండ సమీపాన, వరదకు చిన్న వంతెన కొట్టుకొనిపోయిన చోట పట్టాలు తప్పి నీటిలో పడినది. నూరుమందికి పైగా ప్రయాణికులు మరణించినారు. కుండపోత వర్షానికి ఎగువన చెరువు నీరు కట్ట తెంచుకొని ఒక్కపెట్టున మీద పడినది. అది గోదావరి మీది వంతెన కాదు, కృష్ణ మీది వంతెన కాదు. పేరు కూడా ఎవరికీ గుర్తుండని చిన్న వంతెన. పట్టాలను చూచుకొనవలసినది రైల్వే. చెరువును చూచుకొనవలసినది రాష్ట్ర నీటిపారుదల శాఖ లేక పంచాయతీ. చెరువుకు నీరు తెచ్చే కాలువ పక్కన దున్నుకొనేది రైతు. ముగ్గురి పరిధులూ కాగితం మీద వేరు వేరు. నీరు ఆ కాగితాలు చదువలేదు.

ఇంజనీరింగు శాఖలో పనిచేసేవారికి 'రైల్వే అఫెక్టింగ్ ట్యాంకులు' అన్న మాట కొత్తది కాదు. ఏ చెరువు తెగితే ఏ కిలోమీటరు వద్ద మన కట్టకు ముప్పు వచ్చునో తెలిపే జాబితా అది. వర్షాకాలానికి ముందు రైల్వే అధికారులు, రాష్ట్ర అధికారులు కలసి ఆ చెరువులను తనిఖీ చేయవలెనని నియమం. బలహీన స్థలాల వద్ద కావలి, వానాకాలపు రాత్రి గస్తీ, వంతెన స్తంభంపై ప్రమాద మట్టపు గుర్తు, ఇవన్నీ ఒకే ఆలోచన నుండి పుట్టినవి: ఇట్లు జరిగినచో ఏమి చేయవలెను? లాంతరు పట్టుకొని వానలో నడిచిన గ్యాంగ్‌మన్‌కు ఈ ఆలోచన ఎవరూ నేర్పనక్కరలేదు.

అయితే ఆ జాబితాకు ఒక లోపం ఉన్నది. అది నేటి చెరువుల జాబితా. ఎగువ భూమి పదిహేనేళ్ళ తరువాత ఎట్లుండునో అది అడుగదు. వంతెన కింద నీటి దారిని సాధారణంగా యాభై ఏళ్ళకొకసారి రాగల వరదను లెక్కించి కట్టుదురు. ముఖ్యమైన వంతెనలకు నూరేళ్ళ వరద వరకు లెక్కించుదురు. ఆ లెక్కకు ఆధారం గతంలో పడిన వానలు, గతంలో ఉన్న పరీవాహక భూమి. ఎగువన జొన్న చేలు, బీళ్ళు ఉన్నప్పుడు వాన నీరు కొంత ఇంకును, కొంత నిలుచును, మిగిలినది మెల్లగా వచ్చును. అదే చోట లేఅవుట్లు వెలసి, శిఖం భూమి పూడి, అలుగు కాలువ సగానికి కుదించుకొనిపోయినచో అదే వాన గంటలో దిగువకు చేరును. వంతెన పాతది, భూమి కొత్తది. యాభై ఏళ్ళ వరద పదేళ్ళకే వచ్చుటకు ఇది చాలు. పైగా వానల తీరు కూడా మారుతున్నది.

2024 సెప్టెంబరు మొదటి రోజు ఇది మరల రుజువైనది. మహబూబాబాద్ జిల్లాలో కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య పట్టాల కింది కట్ట వరదకు కోసుకొనిపోయి పట్టాలు గాలిలో వేలాడినవి. అదే వానకు విజయవాడ పక్కన రాయనపాడు స్టేషను నీట మునిగినది. బుడమేరు పొంగి నగరంలో సగభాగాన్ని ముంచినది. వందలాది రైళ్ళు ఆగిపోయినవి లేక దారి మళ్ళినవి. రాత్రింబగళ్ళు నీళ్ళలో నిలబడి కొద్ది రోజులలో దారి పునరుద్ధరించినది మన ట్రాక్ మెయింటెయినర్లే. ఆ పనికి మెచ్చుకోలు పత్రాలు వచ్చినవి, సంతోషమే. బుడమేరు నీరు చివరకు చేరవలసినది కొల్లేటికి. ఆ కొల్లేరు కథ ఏమిటి? 1970వ దశకం చివరి సంవత్సరాలలో సహకార సంఘాల పేర ప్రభుత్వమే చేపల చెరువులు త్రవ్వించినది. తరువాత పెట్టుబడి గలవారు దిగినారు. 1999లో అదే సరస్సులో ఐదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించినారు. 2006లో చేపల చెరువుల గట్లను యంత్రాలతో తెంచినారు. ప్రతి దశలోను ఒక్కటే చిత్రం. మొదట చేపల చిత్రం, తరువాత పక్షుల చిత్రం. రెండింటిలోను కూలి చేసుకొని బ్రతికే వడ్డెల కుటుంబం అంచున నిలబడియే ఉన్నది.

మన వైపు మాట కూడా చెప్పుకొనవలెను. రైల్వే శాఖ చేతిలో దేశమంతటా నాలుగు లక్షల ఎనభై వేల హెక్టార్లకు పైగా భూమి ఉన్నది. మన కట్టలు పల్లె నీటికి అడ్డుగోడలు కాగలవు. రెండవ లైను, మూడవ లైను వేయునప్పుడు పక్కన మట్టి త్రవ్విన గుంటలు, సరిపోని తూములు, పొలంలో నిలిచిన నీరు గురించి రైతులు చేసే ఫిర్యాదులలో న్యాయం ఉన్నది. కనుక రైతును బోనులో నిలిపి మాట్లాడుటకు మనకు అర్హత లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వచ్చెదము. భూమి వినియోగాన్ని, నీటిని, అడవిని గురించి ప్రణాళిక వేయుటకు 'సీనారియో ప్లానింగు' అనే పద్ధతి ఒకటి ఉన్నది. మనము దానిని భావిచిత్రాల ప్రణాళిక అందాము. రేపు ఇది జరుగునని జోస్యం చెప్పుట దాని పని కాదు. జరుగుటకు అవకాశమున్న మూడు నాలుగు భవిష్యత్తులను ఒకదానితో ఒకటి పోలని విధంగా వ్రాసికొని, నేడు తీసుకోబోయే నిర్ణయాన్ని ప్రతి ఒక్కదానిలోను పెట్టి చూచుట దాని పని. ఒక్క భవిష్యత్తులో మాత్రమే నిలిచే నిర్ణయాన్ని అనుమానించవలెను. అన్నింటిలోను కొంతయినా నిలిచే నిర్ణయాన్ని ముందు చేపట్టవలెను. పద్ధతి ఇంతే.

దీని పుట్టుక కార్మికవర్గానికి దూరంగా జరిగినది. 1950లలో అమెరికాలో అణుయుద్ధాన్ని గురించి ఆలోచించిన రాండ్ సంస్థ నిపుణుడు హెర్మన్ కాన్ దీనికి ఆద్యులలో ఒకడు. తరువాత షెల్ చమురు కంపెనీలో పియరీ వాక్ బృందం దీనిని వాడినది. 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరుగుటకు ముందే అట్టి సంభవాన్ని తమ యాజమాన్యం కళ్ళ ముందు ఉంచినది. యుద్ధశాలలోను, చమురు కంపెనీలోను పుట్టినంత మాత్రాన పనిముట్టు చెడ్డది కాదు. టెలిగ్రాఫు కూడా మొదట పాలకుల కొరకే ఈ దేశానికి వచ్చినది. దక్షిణాఫ్రికాలో 1991, 92 సంవత్సరాలలో వర్ణవివక్ష ప్రభుత్వం కూలబోతున్న వేళ, మాంట్ ఫ్లూర్ అనే చోట జరిగిన ఇట్టి కసరత్తులో రాజకీయ నాయకులు, వ్యాపారవేత్తలతో పాటు కార్మిక సంఘాలవారు కూడా కూర్చున్నారు. మన పొరుగున బంగ్లాదేశ్ 2018లో ఆమోదించిన డెల్టా ప్లాన్ 2100 నాలుగు భావిచిత్రాల మీద ఆధారపడినది: నీటి పరిస్థితి మితంగా ఉండుట, తీవ్రంగా ఉండుట ఒక వైపు, ఆర్థికాభివృద్ధి వేగం మరొక వైపు. కనుక ఇది దక్షిణాసియా ప్రభుత్వాలకు చేతకాని పని ఏమీ కాదు.

ఎవరు వ్రాయవలెను అన్నదే చిక్కు. ఈ చిక్కును మన తెలుగు నేల మీదనే ఒకసారి విప్పి చూచినారు. ఆ సంగతి మన సభ్యులలో చాలామందికి తెలియదు గనుక కొంత వివరంగా వ్రాయుచున్నాను.

1999లో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజన్ 2020 పత్రాన్ని ప్రకటించినది. దాని తయారీలో మెకిన్సే అనే అంతర్జాతీయ సలహా సంస్థ పాలుపంచుకొన్నది. ప్రపంచ బ్యాంకు, బ్రిటిష్ సహాయ శాఖల ఋణాలు, గ్రాంట్లు ఆ మార్గపు సంస్కరణలకు తోడైనవి. వ్యవసాయంపై ఆధారపడిన జనాన్ని 70 శాతం నుండి 40 శాతానికి తగ్గించుట, చిన్న కమతాలను పెద్దవి చేయుట, యంత్రాలు, కొత్త విత్తనాలు, ఒప్పంద సేద్యం, ఇది ఆ చిత్రంలో వ్యవసాయ భాగం. 2001 జూన్ చివరి వారంలో మెదక్ జిల్లాలో ఒక సభ జరిగినది. దాని పేరు ప్రజాతీర్పు. సుమారు ఇరవై మంది తీర్పరులు. వారిలో అధికులు దళిత, ఆదివాసీ, సన్నకారు రైతులు, మూడింట రెండు వంతులకు పైగా స్త్రీలు. వారి ముందు మూడు భావిచిత్రాలను వీడియోలుగా ప్రదర్శించినారు. ఒకటి విజన్ 2020. రెండవది సేంద్రియ పద్ధతిలో పండించి విదేశాలకు ఎగుమతి చేసే సేద్యం. మూడవది గాంధీ ఆలోచనకు దగ్గరగా ఉండే స్థానిక స్వావలంబన. ప్రభుత్వాధికారులు, విత్తన కంపెనీవారు, శాస్త్రజ్ఞులు, స్వచ్ఛంద సంస్థలవారు సాక్షులుగా వచ్చి తమ వాదం వినిపించినారు. తీర్పరులు వారిని ప్రశ్నించినారు. మూడింటిలో ఒకటి ఎంచుకొనవలెననే నిర్బంధం లేదు. కావలసినది కలుపుకొని తమ చిత్రాన్ని తామే గీసికొనవచ్చును.

చదువు రానివారు అంటూ మనం తరచు పక్కకు నెట్టే స్త్రీలు ఐదారు రోజులు కూర్చొని రాష్ట్రపు ఇరవై ఏళ్ళ ప్రణాళికను తూచినారు. సాగు చేసేవారిని 40 శాతానికి తగ్గించుటను వ్యతిరేకించినారు. భూములను పెద్ద కమతాలుగా కలుపుటను, జన్యుమార్పిడి పంటలను, కూలి పోగొట్టే యంత్రాలను, ఒప్పంద సేద్యాన్ని, ఔషధ మొక్కలపై తమ అదుపు తప్పిపోవుటను వ్యతిరేకించినారు. సారం గల నేల, రకరకాల పంటలు, చెట్లు, పశువులు, వనరులపై ఊరివారి అదుపు కావలెనన్నారు. నివేదిక 2002లో వెలువడినపుడు లండనులో దుమారం లేచినది. బ్రిటిష్ సహాయ శాఖ పద్ధతిని ప్రశ్నించినది. ఇంత చిన్న బృందం రాష్ట్ర ప్రజలకు ప్రతినిధి ఎట్లగునని విమర్శకులు అడిగినారు. ఆ విమర్శను మనము కొట్టివేయనక్కరలేదు. ఇరవై మంది కోట్లాది ప్రజలకు సరిపోరు. యంత్రాలను గురించి వారి తీర్పుతో నాకే పూర్తి ఏకీభావం లేదు. బస్తాలు మోసి నడుము వంగిన హమాలీని అడిగితే వేరు సమాధానం రావచ్చును. అయితే విజన్ 2020ని వ్రాసినవారు ఎంత మంది, వారు ఎవరికి ప్రతినిధులు అన్న ప్రశ్నను ఆ విమర్శకులు అదే పట్టుదలతో అడిగినట్లు నాకు కనబడలేదు.

తరువాత 2020 రానే వచ్చినది. ఆ చిత్రాన్ని గీసిన రాష్ట్రమే ఆ రూపంలో మిగులలేదు; 2014 జూన్ 2న రెండైనది. 2020 మార్చిలో దేశమంతటా ప్రయాణికుల రైళ్ళు ఆగిపోయినవి. పల్లె విడిచి పట్టణాలకు వెళ్ళవలసిన కూలీలు, ఆ పత్రం లెక్క ప్రకారం పట్టణాలలో స్థిరపడియుండవలసిన కూలీలు, మూటలు నెత్తిన పెట్టుకొని మన పట్టాల వెంటనే నడిచి పల్లెలకు తిరిగివచ్చినారు. మే 1న మొదటి శ్రామిక్ ప్రత్యేక రైలు బయలుదేరినది లింగంపల్లి నుండి, జార్ఖండ్‌లోని హటియాకు. ఆ రైళ్ళను నడిపినది మనవారు. ఆ నెలలలో పల్లెలకు మందులు, పింఛన్లు, డబ్బు చేర్చినది మనవారు. పట్టణం వెళ్ళగొట్టినవారికి అన్నం పెట్టినది ఏ చిత్రంలోనూ లేని ఆ రెండెకరాల చెలక. విజన్ వ్రాసినవారు మహమ్మారిని ముందుగా చూడలేదని నేను నిందించుట లేదు, ఎవరు చూచినారు? పట్టణ ఉపాధి కూలిపోయే రోజు ఒకటి ఉండవచ్చుననే రెండవ చిత్రం వారి బల్ల మీద లేకపోవుటయే నా అభియోగం. ఆ రెండవ చిత్రం మెదక్ స్త్రీల వద్ద ఉన్నది.

చిన్న స్థాయిలో ఈ పని ఎట్లు నడుచునో మరొక అనుభవం చూపుచున్నది. 2003 నుండి 2009 వరకు అనంతపురం, కడప, చిత్తూరు, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలలో, ఆరువందలకు పైగా ఆవాసాలలో, రైతులే భూగర్భజలాన్ని కొలిచే కార్యక్రమం ఒకటి నడిచినది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాంకేతిక సహాయం చేసినది. ఊరి రైతులు వానమాపకం చదివినారు. పదిహేను రోజులకొకసారి బావులలో నీటి మట్టం కొలిచి గోడ మీద వ్రాసినారు. ఖరీఫు ముగిసిన తరువాత అందరూ కూర్చొని, భూమిలో ఉన్న నీరెంత, రబీలో ఎవరు ఏ పంట వేయదలచినారు, దానికి కావలసిన నీరెంత అని లెక్క కట్టినారు. అందరూ వరి వేసినచో ఇంత లోటు. సగం మంది ఆరుతడి పంటలకు మళ్ళినచో ఇంత. ఆపైన ఎవరి పంట వారి ఇష్టం. జరిమానా లేదు, బోరు మూసివేత లేదు. పలుచోట్ల వరి విస్తీర్ణం తగ్గి, తోడే నీరు తగ్గినది. తన బోరు ఎండిపోయే దృశ్యాన్ని అంకెలలో ముందుగా చూచిన రైతు మనసు మార్చుకొన్నాడు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం బెదిరింపుతో సాధించలేనిది ఇక్కడ గోడ మీది సుద్దముక్క కొంత సాధించినది. ప్రాజెక్టు డబ్బు ఆగిన తరువాత చాలా చోట్ల ఆ లెక్కలు సన్నగిల్లినవి. దీని నుండి మనము నేర్వవలసినది ఉన్నది: కొలత పని ఎవరి జీతపు పనిలోనూ భాగం కానిచో అది నిలువదు.

మన సభ్యులకు పట్టుబడే విధంగా ఒక ఊహా ఉదాహరణ తీసుకొందాము. ఒక లైను పక్కన మూడు గొలుసుకట్టు చెరువులు ఉన్నవనుకొందాము. పై చెరువు అలుగు పారితే నడిమి చెరువు నిండును, అది పారితే క్రింది చెరువు, దాని అలుగు మన తూము గుండా వాగులో కలియును. మనకు తెలిసినవి కొన్ని: నేల వాలు మారదు, నీరు పల్లానికే పారును, ఊరిలో వృద్ధుల సంఖ్య పెరుగును. తెలియనివి అనేకం, వానిలో ఫలితాన్ని ఎక్కువగా తారుమారు చేసేవి రెండు. వాన నెలలో విస్తరించి కురియునా, రెండు రోజులలో కుమ్మరించునా అన్నది ఒకటి. ఆయకట్టు, శిఖం పొలంగా నిలుచునా, ప్లాట్లుగా మారునా అన్నది రెండవది. ఈ రెండింటిని అడ్డంగా నిలువుగా వేసినచో నాలుగు చిత్రాలు వచ్చును.

వాన మెత్తగా, భూమి పొలంగా ఉన్న చిత్రం గురించి చెప్పుకొనుటకు ఎక్కువ లేదు. తాతల నాటి ఊరు అది. వాన మెత్తగా ఉండి భూమి ప్లాట్లయిన చిత్రంలో చాలా ఏళ్ళు అంతా బాగున్నట్లే కనిపించును. ప్రమాదమైనది ఇదే. చెరువు నిండదు, అలుగు పారదు, కాలువ ఎందుకని పూడ్చివేయుదురు, ఎవరూ అడుగరు. ఆ ధైర్యంతోనే నాలుగవ చిత్రంలోకి అడుగిడుదురు: కుమ్మరించే వాన, ప్లాట్లయిన భూమి. పై చెరువుకు అలుగు దారి లేదు. నీరు కట్ట మీదుగా పొర్లి కట్టను కోయును. ఆ నీరు నడిమి చెరువు మీద పడి దానిని తెంచును. మూడు చెరువుల నీరు రాత్రి రెండు గంటలకు మన తూము వద్దకు చేరును. నీరటికాడి పని ఎన్నడో పోయినది గనుక స్టేషను మాస్టరుకు కబురు చెప్పేవాడు లేడు. కుమ్మరించే వాన, పొలంగా నిలిచిన భూమి గల మూడవ చిత్రంలో పంట నష్టం ఉన్నది, ప్రాణనష్టం లేదు.

ఈ నాలుగు చిత్రాల ముందు ఒక్కొక్క ప్రతిపాదనను నిలిపి చూడుడు. శిఖం భూమిని రెవెన్యూ అవసరానికి మార్చుట ఒక్క చిత్రంలోనే లాభం, అది కూడా కొనుగోలుదారునికి. అలుగు, అలుగు కాలువ వెడల్పు కాపాడుట, పూర్తి మట్టపు హద్దురాళ్ళు పాతి కొలతలు పంచాయతీ గోడపై వ్రాయుట నాలుగింటిలోను పనికివచ్చును. ఊరికి, స్టేషనుకు మధ్య కబురు ఏర్పాటు నాలుగింటిలోను పనికివచ్చును. ఖర్చు దాదాపు లేదు. తెలంగాణలో 2015 నుండి సుమారు 46,000 చెరువుల పునరుద్ధరణకు పూనుకొన్నారు. పూడిక తీయుట మంచిదే. ఎత్తిన మట్టి లారీల లెక్క ఉన్నంత శ్రద్ధగా అలుగు దారుల లెక్క ఉన్నచో ఇంకా మంచిది.

తపాలా సోదరుల మాట. దేశంలోని సుమారు 1,65,000 తపాలా కార్యాలయాలలో తొంభై శాతం వరకు గ్రామాలలోనివి. వాటిని నడిపేది అధికభాగం గ్రామీణ డాక్ సేవకులు; వారి భత్యం నాలుగు గంటలా, ఐదు గంటలా అన్నది పని పరిమాణం చూచి నిర్ణయించుదురు. ఊరు ఖాళీ అయినచో బ్రాంచి ఆఫీసు పని తగ్గును, తరువాత ఆ ఆఫీసు ఉండవలెనా అన్న ప్రశ్న వచ్చును. భూమి వినియోగం మారుట అంటే డాక్ సేవకుని జీతం మారుట. మరొక విధంగా చూచినచో, ఊరిలో యువకులు పోయి వృద్ధులు మాత్రమే మిగిలే చిత్రంలో బ్యాంకు, పింఛను కౌంటరు అన్నీ ఆ ఒక్క గదియే. ఏ చిత్రం వచ్చునో తెలియనప్పుడు ఈనాటి పని గంటలు చూచి ఆఫీసును మూయుట ఎంత తొందరపాటో గమనించుడు. ఇది మన వాదానికి కొత్త ఆయుధం.

డాక్ సేవకునికి తెలిసిన సంగతులు ఏ సర్వేలోనూ ఉండవు. ఏ ఇంటికి తాళం పడినదో, ఏ వీధివారు బొంబాయి దారి పట్టినారో అతనికి ముందు తెలియును. పాలమూరు వలసల కాలంలో మనియార్డరు ఫారాలే ఆ జిల్లా కరువు చరిత్ర. ట్రాక్ మెయింటెయినరుకు ఏ తూము క్రింద ఏ సంవత్సరం నీరు ఎంత ఎత్తు పారినదో తెలియును. ఈ ఇద్దరి జ్ఞానం ఏ దార్శనిక పత్రంలోకి పోలేదు, వారిని ఎవరూ అడుగలేదు గనుక.

ఈ పద్ధతిని యాజమాన్యాలు మన మీద ప్రయోగించే ప్రమాదం కూడా ఉన్నది. నాలుగు చిత్రాలు చూపి, మూడింటిని భయంకరంగా రంగులద్ది, నాలుగవదానికి మనచే వేలిముద్ర వేయించుకొనవచ్చును. ప్రైవేటీకరణ చర్చలలో ఈ ఎత్తుగడ మనకు క్రొత్త కాదు. అందుచేత చిత్రాలు వ్రాసే చోటనే కూర్చొనవలెను. వ్రాసిన తరువాత సంతకానికి పిలిచినచో వెళ్ళనక్కరలేదు.

శాఖలు వెంటనే చేయదగినవి చెప్పి విరమింతును. ఈ సంవత్సరం వర్షాకాలానికి ముందు జరిగే చెరువుల సంయుక్త తనిఖీలో ఆ సెక్షను ట్రాక్ మెయింటెయినరు ఒకరిని, ఆ ఊరి బ్రాంచి పోస్టుమాస్టరును, ఆయకట్టు రైతులను, ముఖ్యంగా కూలి స్త్రీలను చేర్చుకొనవలెనని ప్రతి డివిజనులోను లిఖితపూర్వకంగా కోరవలెను. రైల్వే శాఖలు తమ సెక్షనులోని చెరువుల జాబితా ప్రతిని అడిగి తీసికొని, గత ఇరవై ఏళ్ళలో ఎగువ భూమి ఏ విధంగా మారినదో పక్కన వ్రాయవలెను. అందుకు ఇంజనీరు అక్కరలేదు, పదవీ విరమణ చేసిన ఇద్దరు కీమన్లు చాలును. తపాలా శాఖలు ఒక్కొక్క సబ్ డివిజనులో రెండు మూడు ఊళ్ళను ఎన్నుకొని, పంచాయతీవారితో కలసి ఒక ఆదివారం పైన చెప్పిన నాలుగు గళ్ళ పటం వేయించవలెను. బల్ల, సుద్ద, టీ ఖర్చు జిల్లా కమిటీ భరించును. వచ్చిన పటాలను, అవి ఎంత వంకరగా ఉన్నా సరే, దిద్దకుండా మే నెలాఖరులోగా కేంద్ర కార్యాలయానికి పంపవలెను. దిద్దిన పటాలు మనకు ఇప్పటికే చాలా ఉన్నవి.